వైఫైని పట్టుకున్న డ్రైవర్ ఏది? కెర్నెల్ అప్‌డేట్ తర్వాత తెగిపోతూ వచ్చిన ఒక ల్యాప్‌టాప్ కేసు

2024 అక్టోబరులో, పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం ముగిసిన వారంలోపే, విజయనగరం కోట దగ్గర నివసించే ఒక వీణ టీచరుగారు నాకు ఫోన్ చేశారు. ఆవిడ ఉద్యోగ విరమణ చేసి ఇంటి దగ్గరే పాఠాలు చెబుతున్నారు. ఊళ్లో పిల్లలు సాయంత్రం పూట ఇంటికి వచ్చి కూర్చుంటారు. అమెరికాలో ఉన్న పిల్లలకు మాత్రం తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ మీద పాఠం నడుస్తుంది. ఆవిడ ఫిర్యాదు ఒక్క వాక్యమే: “అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచీ ఇదే వరస బాబూ, గీతలు నిండుగానే కనిపిస్తాయి గానీ అవతల పిల్ల మాట మాత్రం ఆగిపోతుంది.”

కెర్నెల్ (యంత్రంలోని హార్డ్‌వేర్‌ను నడిపే మూల ప్రోగ్రాము) అప్‌డేట్ తర్వాత వైఫై చెడిందంటూ ల్యాప్‌టాప్‌లు నా రిపేరు షాపుకు తరచుగానే వస్తాయి. వాటిలో చాలావాటికి మేము చేసే వైద్యం పాత కెర్నెల్‌తో బూట్ అయ్యేలా మార్చి, కొత్తది ఎక్కకుండా ఆపి, యజమానికి తిరిగి ఇచ్చేయడమే. నేను కూడా కొన్నింటిని అలాగే పంపాను. ఈ కేసులో అలా చేసి ఉంటే రోగం దాగేది గానీ తగ్గేది కాదు. కెర్నెల్‌తో పాటు వైఫై డ్రైవర్ (వైఫై కార్డును నడిపే ప్రోగ్రాము) కూడా మారిపోయిందని, ఆ మార్పు ఎవరి కంటా పడలేదని తేలడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో ఏ పరీక్ష ఏమి చెప్పిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కమాండ్లను, ఫైళ్ల పేర్లను తెలుగులో పలికినట్టు రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

యంత్రం, ఇల్లు

ల్యాప్‌టాప్ మధ్యతరగతి ధరలో దొరికే రకం. అందులో ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. వైఫై కార్డు 8821సీఈ అనే చిప్ మీద చేసినది. చవక ల్యాప్‌టాప్‌లలో ఈ చిప్ విరివిగా కనిపిస్తుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్‌లు రెండింటిలోనూ పనిచేస్తుంది గానీ డేటాకు దీనికి ఒక్కటే దారి. బ్లూటూత్ కూడా ఇదే చిప్‌లో ఉంటుంది. ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌కు డాష్ ఎన్ఎన్‌కే చేర్చి కొడితే దీని గుర్తింపు సంఖ్య 10ఈసీ:సీ821 అని చూపించింది. ఆ కమాండ్ చూపించిన మరో వరుసను నేను ఆ రోజు శ్రద్ధగా చదవలేదు. మొత్తం కేసు ఆ వరుసలోనే ఉందని తర్వాత తెలిసింది.

ఇల్లు పాతకాలపుది. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ముందు గదిలో ఫైబర్ బాక్స్, రౌటర్, రెండు గదుల అవతల టీచరుగారు పాఠం చెప్పే గది. ఇలాంటి ఇంట్లో ఎవరికైనా మొదట సిగ్నల్ మీదే అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. ఆ మొదటి రోజు గంటకు పైగా రౌటర్ దగ్గరే గడిపాను.

సిగ్నల్ బలం పాఠం చెప్పే గదిలో మైనస్ 64 డీబీఎం దగ్గర నిలకడగా ఉంది; మాట్లాడుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది. అదే చోట కూర్చుని టీచరుగారి ఫోన్ మీద అరగంట కాల్ నడిపితే ఒక్కసారి కూడా తెగలేదు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌ను ఆటో నుంచి తీసి 6 మీద స్థిరంగా పెట్టినా మార్పు లేదు. బ్లూటూత్ పూర్తిగా ఆపి చూసినా మార్పు లేదు. చివరికి ల్యాప్‌టాప్‌ను తెచ్చి రౌటర్ పక్కనే బల్ల మీద పెట్టాను. అక్కడ కూడా నలభై నిమిషాల్లో రెండుసార్లు ఆగిపోయింది. గోడలకూ రౌటర్‌కూ సంబంధం లేదని అక్కడితో తేలింది.

ఆగిపోయినప్పుడు నేను చూసిన సంగతి ఒకటి ముఖ్యమైనది. పైన మూలలో వైఫై గుర్తు చెక్కుచెదరకుండా ఉంది, నెట్‌వర్క్ పేరు ఉంది, ఐపీ అడ్రసు ఉంది, కానీ ఇంట్లోనే ఉన్న రౌటర్‌కు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొడితే జవాబు రాలేదు. బయటి ఇంటర్నెట్ పోతే రౌటర్ దాకా పింగ్ అందాలి. రౌటర్‌కే అందకపోతే లోపం ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ నడుమే ఉన్నట్టు. ఇంటర్నెట్ ఇచ్చేవారికి ఫోన్ చేసే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే ఎందరికో ఎంతో సమయం కలిసివస్తుంది.

తెల్లవారుజాము పాఠం

షాపులో కూర్చుని చూస్తే ఈ లోపం సరిగా పట్టుబడలేదు. అందుకని మర్నాడు తెల్లవారుజామున అయిదింటికే టీచరుగారి ఇంటికి వెళ్లి, ల్యాప్‌టాప్‌లో ఒక పక్కన రౌటర్‌కు సెకనుకో పింగ్ పెట్టి, మరో పక్కన కెర్నెల్ సందేశాలను కదులుతూ కనిపించేలా తెరిచి పెట్టి, గది మూలన కూర్చున్నాను. మొదటి పాఠం పద్నాలుగేళ్ల అమ్మాయిది. ఆ అమ్మాయి జంట స్వరాలు మూడు కాలాల్లో వాయించింది. టీచరుగారు తాళం వేస్తూ విన్నారు, మధ్యలో ఆపి సరిచేశారు. నలభై అయిదు నిమిషాల్లో ఒక్క పింగ్ కూడా పోలేదు. పాఠం ముగిసింది, కాల్ కట్ చేశారు. తర్వాతి పాఠానికి పది నిమిషాల వ్యవధి ఉంది. ఆవిడ కాఫీ తాగి, వీణ శ్రుతి సరిచూసుకుని, రెండో పిల్లవాడికి కాల్ కలపబోయేసరికి ల్యాప్‌టాప్ కదలలేదు. పింగ్ వరుసలు చూస్తే, ఆవిడ వంటింట్లోకి వెళ్లిన నాలుగో నిమిషం నుంచి జవాబులు ఆగిపోయి ఉన్నాయి.

నేను ఆవిడను అడిగాను: “పాఠం మధ్యలో ఎప్పుడైనా తెగిందా టీచరుగారూ, లేకపోతే మొదలుపెట్టేటప్పుడేనా?” ఆవిడ కొంచెం ఆలోచించి, పాఠం జోరుగా సాగుతుంటే పోదని, పిల్లలు తీగ బిగించుకోవడానికో నోటు పుస్తకం తెచ్చుకోవడానికో కాల్ ఆపేసి మళ్లీ చేస్తామన్నప్పుడు పోతుందని చెప్పారు. ఆ జవాబుతో నా అనుమానం పూర్తిగా తిరగబడింది. బలహీనమైన సిగ్నల్ గానీ, వేడెక్కిన కార్డు గానీ, రద్దీ తట్టుకోలేని రౌటర్ గానీ అయితే పని ఎక్కువైనప్పుడు తెగాలి. ఇక్కడ పని లేనప్పుడు తెగుతోంది. నిర్ధారించుకోవడానికి ఆ రోజు మధ్యాహ్నం గంటసేపు ఒక పెద్ద ఫైలు దించాను; చెక్కుచెదరలేదు. ఫైలు దిగాక ల్యాప్‌టాప్‌ను తాకకుండా వదిలేశాను. ఆరో నిమిషంలో ఆగిపోయింది.

పని లేనప్పుడు చెడే వైఫై అంటే మొదట చూడవలసింది కరెంటు పొదుపు. ఆగిపోయిన నిమిషాలకు ఎదురుగా కెర్నెల్ లాగ్‌లో రెండు సందేశాలు పదేపదే కనిపించాయి: హెచ్‌2సీ కమాండ్ పంపలేకపోయామని ఒకటి, ఫర్మ్‌వేర్ ఎల్‌పీఎస్ స్థితి నుంచి బయటికి రాలేదని రెండోది. హెచ్‌2సీ అంటే కంప్యూటర్ నుంచి కార్డుకు వెళ్లే ఆజ్ఞ. ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపలే నడిచే ప్రోగ్రాము. ఎల్‌పీఎస్ అంటే కనెక్షన్ తెగకుండానే కార్డు కునుకు తీసే పొదుపు పద్ధతి. ఆ రెండు వరుసలను కలిపి చదివితే విషయం సూటిగా ఉంది: కార్డు నిద్రలోకి జారింది, డ్రైవర్ లేపబోతే లేవలేదు.

పాత కెర్నెల్ పెట్టిన ఆశ

ఇక్కడ నేను అందరూ చేసే పనే చేశాను. రీస్టార్ట్ చేసి, ఎస్కేప్ నొక్కి, ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెచ్చి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాను. నడుస్తున్న కెర్నెల్ సంఖ్య చెప్పే ‘యూనేమ్ డాష్ ఆర్’ కొడితే 5.15 అని చూపింది. అప్పటిదాకా నడిచింది 6.8. రెండింటికీ నడుమ ఇంత ఎడం ఉండడం వింతగా తోచింది. అప్‌డేట్ల చరిత్ర ఉండే హిస్టరీ.లాగ్ ఫైలు తెరిస్తే కారణం కనిపించింది: ఈ యంత్రానికి రెండేళ్లపాటు అప్‌డేట్లు లేవు. కొత్తగా ఫైబర్ కనెక్షన్ వచ్చాక ఎవరో ఒక్కసారిగా అన్నీ ఎక్కించారు. ఉబుంటు 22.04 కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కెర్నెల్ వరుస 5.15 దగ్గర మొదలై 5.19, 6.2, 6.5 మీదుగా 6.8కి చేరింది, క్రమం తప్పకుండా అప్‌డేట్ చేసుకున్నవారు మెట్టు మెట్టుగా ఎక్కారు, ఈ ల్యాప్‌టాప్ మాత్రం మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు దూకింది.

పాత కెర్నెల్ మీద ఆ సాయంత్రమూ మర్నాడు తెల్లవారుజామూ వైఫై ఒక్కసారి కూడా ఆగలేదు. టీచరుగారు సంతోషించారు, ఇక అలాగే ఉంచెయ్యమన్నారు. లోపం 6.8 కెర్నెల్‌లోనే ఉందని రాసేసుకుని, కొత్తది ఎక్కకుండా ఆపే ‘ఆప్ట్‌-మార్క్ హోల్డ్’ పెట్టి వచ్చేయడానికి నేను కూడా దాదాపు సిద్ధపడ్డాను. నన్ను ఆపింది ఒక్కటే. 5.15లో ఉన్న ఈ చిప్ డ్రైవర్‌కూ పొదుపు నిద్ర ఉంది. కెర్నెల్‌లో ఈ చిప్‌కు చోటు 5.9 నాటికే వచ్చింది. అలాంటప్పుడు పాత కెర్నెల్ లాగ్‌లో ఎల్‌పీఎస్ అన్న మాటే ఎందుకు లేదు? లోపం తగ్గితే సందేశాలు తగ్గాలి గానీ, ఆ డ్రైవర్ పేరుతో వచ్చే వరుసలే మొత్తంగా మాయమవడం ఏమిటి?

అప్పుడు మొదటి రోజు చదవకుండా వదిలేసిన వరుసను చదివాను. ‘ఎల్ఎస్‌పీసీఐ’ ప్రతి కార్డు కింద, ప్రస్తుతం దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరు ఇస్తుంది. 6.8 మీద ఆ పేరు ఆర్‌టీడబ్ల్యు_8821సీఈ. 5.15 మీద అదే చోట ఆర్‌టీఎల్8821సీఈ. ఒకటిలో టీ తర్వాత డబ్ల్యు ఉంది, రెండోదానిలో టీ తర్వాత ఎల్ ఉంది. తేడా ఒక్క అక్షరం, నడుమ ఒక చిన్న గీత. తొందరలో చూసేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి అవి ఒకే డ్రైవర్‌కు రెండు సంచికలు కూడా కావు. వేర్వేరు చోట్ల రాసిన రెండు వేర్వేరు ప్రోగ్రాములు. డబ్ల్యు ఉన్నది కెర్నెల్‌తో పాటే వచ్చే ఆర్‌టీడబ్ల్యు88 అనే డ్రైవర్ కుటుంబానికి చెందినది. ఎల్ ఉన్నది చిప్ తయారీదారు విడిగా ఇచ్చిన సోర్సు నుంచి తెచ్చి ఎవరో ఈ యంత్రంలో చేర్చినది.

టీచరుగారు చెప్పని మొదటి రోజు

ఎవరు చేర్చారని అడిగితే, ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్న కొడుకు 2022లో ఉబుంటు ఎక్కించినప్పుడు చేశాడని తెలిసింది. ఫోన్‌లో అతను వివరంగానే చెప్పాడు. కెర్నెల్‌లోని డ్రైవర్ అప్పట్లో తన పరీక్షల్లో నిలవలేదు, తయారీదారు డ్రైవర్ నిలిచింది. అందుకని దాన్ని డీకేఎంఎస్ ద్వారా చేర్చి, కెర్నెల్ డ్రైవర్ అడ్డు రాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాడు. ఆ రోజుకు అది సరైన పనే.

డీకేఎంఎస్ అంటే, కెర్నెల్ బయట ఉన్న డ్రైవర్‌ను కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ దాని కొలతలకు తగ్గట్టు దాని సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చేసి (నడిచే రూపంలోకి మార్చి) పెట్టే ఏర్పాటు. పాత సోర్సు కొత్త కెర్నెల్‌కు సరిపడినంత కాలం ఇది ఎవరికీ కనిపించకుండా పనిచేస్తుంది. సరిపడనప్పుడు కంపైల్ ఆగిపోతుంది. కెర్నెల్ మాత్రం ఎక్కుతుంది, దాని మీద డ్రైవర్ ఉండదు. ఈ యంత్రంలో మేక్.లాగ్ ఫైలు తెరిచి చూస్తే సరిగ్గా అదే జరిగింది. 6.0 ప్రాంతంలో వైఫై 7 కోసం, అంటే ఒకే పరికరం ఒకేసారి పలు లింకుల మీద మాట్లాడే పద్ధతి కోసం, కెర్నెల్‌లోని సీఎఫ్‌జీ80211 భాగంలో కొన్ని ఫంక్షన్లకు లింక్ సంఖ్య అనే కొత్త పరామితి చేరింది. 2022 నాటి సోర్సుకు ఆ సంగతి తెలియదు. ఫంక్షన్ రూపాలు పొసగడం లేదని కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ వల్ల ఈ డ్రైవర్ తిరస్కరణకు గురయిందేమోనని ‘మోక్‌యుటిల్’తో కూడా చూశాను, అది ఆపేసే ఉంది.

ఇక్కడొక చిక్కు మిగిలింది. బయటి డ్రైవర్ లేదు, కెర్నెల్ డ్రైవర్ బ్లాక్‌లిస్ట్‌లో ఉంది. అలాంటప్పుడు వైఫై తెగడం కాదు, అసలు ఉండకూడదు. మరి ఉంటోంది. టీచరుగారిని మళ్లీ అడిగాను: “అప్‌డేట్ అయిన రోజున ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పండి.” అప్పుడు చెప్పారు. “ఆ రోజు అసలు వైఫై గుర్తే లేదు బాబూ. మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో టైపు చేయించాడు, వచ్చేసింది. అది అయిపోయిన గొడవ కదా అని నీకు చెప్పలేదు.” ఆ మేనల్లుడు చేయించినది ‘మోడ్‌ప్రోబ్’ కమాండ్‌తో కెర్నెల్ డ్రైవర్‌ను పేరు పెట్టి పిలవడం. బ్లాక్‌లిస్ట్ అనేది కార్డు కనిపించగానే డ్రైవర్ తనంతట తాను ఎక్కడాన్నే ఆపుతుంది. పేరు పెట్టి పిలిస్తే ఆపదు. యంత్రం లేచిన ప్రతిసారీ అదే పని జరిగేలా అతను ఒక చిన్న స్టార్టప్ స్క్రిప్టు కూడా రాయించాడు. పాత కెర్నెల్ మీద కూడా ఆ స్క్రిప్టు నడుస్తుంది గానీ, అప్పటికే కార్డును బయటి డ్రైవర్ పట్టుకుని ఉంటుంది కాబట్టి రెండోదానికి చోటు దొరకదు. పాత కెర్నెల్ మీద నిలకడ, కొత్తదాని మీద తెగుదల ఎందుకో దీనితో పూర్తిగా అర్థమయింది.

ఆవిడ దాచలేదు, మరిచిపోనూ లేదు. తీరిపోయిన గొడవగా భావించారు, అంతే. నేనే ‘ఎప్పటి నుంచి’ అని అడిగి ఊరుకున్నాను, ‘ఆ రోజున ఏ క్రమంలో’ అని అడగలేదు. అప్పటి నుంచి నా షాపు రిజిస్టరులో ఫిర్యాదు రాసే చోట, లోపం కనిపించిన తొలి రోజు సంఘటనలు వరుసగా రాయడానికి విడిగా జాగా పెట్టాను.

చికిత్స

ముందు మూడు దారులు ఉన్నాయి. పాత కెర్నెల్ మీదే ఉంచడం మొదటిది, 22.04కు 5.15 వరుసలో భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయి కాబట్టి అది ప్రమాదకరమేమీ కాదు, కానీ రేపు ఉబుంటు తర్వాతి సంచికకు మారిన రోజున ఇదే గొడవ మళ్లీ వస్తుంది. తయారీదారు డ్రైవర్‌కు కొత్త కెర్నెళ్లతో పొసగే సోర్సు తెచ్చి మళ్లీ డీకేఎంఎస్‌లో పెట్టడం రెండోది; కొడుకు దూరంగా ఉన్నాడు, టీచరుగారు టెర్మినల్ తెరవరు, ప్రతి అప్‌డేట్ తర్వాతా ఎవరో ఒకరు కాపు కాయాలి. కెర్నెల్‌లోని డ్రైవర్‌నే ఉంచి, దాని నిద్రను అదుపులో పెట్టడం మూడోది. ఆ డ్రైవర్‌ను కెర్నెల్ రాసేవారే ప్రతి సంచికతోనూ సవరిస్తూ వస్తారు. బయటి సోర్సు చూసుకోవలసిన భారం ఇంట్లోవారి మీద పడదు. యజమాని సాంకేతికురాలు కానప్పుడు నేను ఎప్పుడూ మూడో దారికే మొగ్గుతాను, ఇక్కడా దాన్నే ఎంచుకున్నాను.

ఒక్కో మార్పు చేసి, దాని ఫలితం చూశాకే రెండో మార్పు చేయాలన్న నియమం పెట్టుకున్నాను. మొదట 6.8 మీద ‘ఐడబ్ల్యు’ కమాండ్‌తో పొదుపును పూర్తిగా ఆపి, ల్యాప్‌టాప్‌ను రాత్రంతా పింగ్ మీద వదిలేశాను. పొదుపు ఆన్‌లో ఉన్న కిందటి రాత్రి అదే పరీక్షలో ఏడుసార్లు ఆగిన యంత్రం ఈ రాత్రి ఒక్కసారి ఆగింది. ఎల్‌పీఎస్ సందేశాలు పూర్తిగా పోయాయి. రోగం ఎక్కడ ఉందో దీనితో ఖాయమయింది, కానీ ఇదే తుది చికిత్స చేయాలని నాకు అనిపించలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ డ్రైవర్ నిద్ర ఎలా ఉంటుందో కొంచెం వివరించాలి.

ఈ డ్రైవర్ సుమారు రెండు సెకన్లకోసారి రాకపోకలను లెక్క చూస్తుంది. ప్యాకెట్లు బాగా తక్కువగా ఉంటే కార్డును కునుకులోకి పంపుతుంది. వీడియో కాల్ నడుస్తుంటే ప్యాకెట్లు ధారగా ఉంటాయి కాబట్టి నిద్ర ఉండదు. జంట స్వరాలు మూడు కాలాల్లో సాగినంతసేపూ ఏమీ కాకపోవడానికి కారణం అదే. సెకనుకో పింగ్ ఆ లెక్కలో నిశ్శబ్దంతో సమానం. ఈ కునుకులో రెండు మెట్లున్నాయి. మామూలు మెట్టులో కార్డు రౌటర్‌తో చెప్పి రేడియోను విడతలు విడతలుగా ఆపుకుంటుంది. లోతైన మెట్టులో చిప్‌లోని మరిన్ని భాగాలకు కరెంటు తగ్గిపోతుంది, అక్కడి నుంచి లేవడానికి కంప్యూటర్‌కూ ఫర్మ్‌వేర్‌కూ నడుమ ఒక సంకేతాల మార్పిడి జరగాలి. మా లాగ్‌లో విఫలమైనది ఆ మార్పిడే. అంటే తప్పు పొదుపు మొత్తంలో లేదు, లోతైన మెట్టులో ఉంది. కరెంటు తరచుగా పోయే వేసవిలో బ్యాటరీ మీదే పాఠం చెప్పవలసి వచ్చే ఇంట్లో, మామూలు మెట్టు పొదుపును కూడా తీసేయడం అన్యాయం అనిపించింది.

అందుకని పొదుపును తిరిగి ఆన్ చేసి, మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక కొత్త ఫైలు తెరిచి, ఆర్‌టీడబ్ల్యు88_కోర్ మాడ్యూల్‌కు (డ్రైవర్‌లోని ఒక భాగానికి) ‘డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్’ అనే ఆప్షన్‌ను ‘వై’ అని పెట్టాను. రీస్టార్ట్ చేశాక సిస్ ఫోల్డర్‌లో ఆ మాడ్యూల్ కింద ఉండే పారామీటర్స్‌లో అదే పేరు తెరిచి చూస్తే వై అని చూపించింది. ఈ తనిఖీని వదిలిపెట్టకూడదు. ఆప్షన్ పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే డ్రైవర్ మామూలుగానే ఎక్కుతుంది, కెర్నెల్ లాగ్‌లో మాత్రం తెలియని పారామీటర్ అన్న వరుస ఒకటి పడుతుంది. ఆ వరుస ఎవరూ చూడరు, ఆప్షన్ పనిచేయలేదని నిర్ధారించేస్తారు.

ఆ రాత్రి పరీక్షలో కూడా ఒక్కసారే ఆగింది. కిందటి రాత్రి పొదుపు పూర్తిగా ఆపినా మిగిలిన ఆ ఒక్కటీ, ఈ రాత్రి మిగిలిన ఒక్కటీ ఒకే రకంగా ఉన్నాయి: ఎల్‌పీఎస్ మాట లేదు, దానికి బదులు పీసీఐఈ బస్ మీద సరిదిద్దిన ఎర్రర్లు వచ్చినట్టు ఏఈఆర్ (ఎర్రర్ నివేదిక) వరుసలు గుంపుగా ఉన్నాయి. కార్డులోని రేడియోకు నిద్ర ఉన్నట్టే, కార్డును మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ లింకుకు కూడా ఏఎస్‌పీఎం అనే సొంత నిద్ర ఉంది. ఈ రెండూ వేర్వేరు. మొదటిది తగ్గాక రెండోది బయటపడింది. కొన్ని ల్యాప్‌టాప్ మోడళ్లలో ఈ కార్డుకు లింకు నిద్ర పడదని డ్రైవర్ రాసినవారికి కూడా తెలుసు. అలాంటి మోడళ్లలో దాన్ని ఆపేయడానికి ఒక చిన్న జాబితా డ్రైవర్ లోపలే ఉంది. మా యంత్రం ఆ జాబితాలో లేదు. అదే ఫైల్లో రెండో వరుసగా ఆర్‌టీడబ్ల్యు88_పీసీఐ మాడ్యూల్‌కు ‘డిజేబుల్_ఏఎస్‌పీఎం’ను వై చేశాను. మొత్తం యంత్రానికి ఏఎస్‌పీఎం తీసేసే బూట్ పారామీటర్ కూడా ఒకటి ఉంది, చాలామంది దాన్నే సూచిస్తారు; కానీ ఒక్క కార్డు కోసం ఎస్ఎస్‌డీతో సహా అన్నిటి పొదుపునూ ఆపడం నాకు నచ్చదు.

ఆ తర్వాత వరుసగా రెండు రాత్రులు పింగ్ తెగలేదు, ఏఈఆర్ వరుసలు లేవు. మూత మూసి నిద్రపుచ్చి లేపడం పదిసార్లు చేశాను, ప్రతిసారీ కనెక్షన్ దానంతట అదే తిరిగి వచ్చింది.

ఊడ్చి పెట్టడం

అంతా కుదిరాక పాత ఏర్పాట్లన్నీ తీసేశాను. డీకేఎంఎస్ నుంచి బయటి డ్రైవర్‌ను అన్ని కెర్నెళ్లకూ తొలగించాను, బ్లాక్‌లిస్ట్ వరుసను చెరిపాను, మేనల్లుడు రాయించిన స్టార్టప్ స్క్రిప్టును తీసేశాను. ఈ మూడింటిలో ఏది మిగిలినా మరో రెండేళ్లకు వచ్చే ఇంకో మెకానిక్ నాలాగే తప్పుదారి పడతాడు. తీసేశాక రెండు కెర్నెళ్లతోనూ బూట్ చేసి, రెండింటి మీదా ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఒకే డ్రైవర్ పేరు చూపిస్తోందని సరిచూశాను. పాత కెర్నెల్‌ను చెరపలేదు. గ్రబ్ మెనూలో వెనక్కి వెళ్లే దారి ఒకటి ఎప్పుడూ ఉండాలి. మోడ్‌ప్రోబ్.డీలో పెట్టిన ఫైలు పైన వ్యాఖ్యగా తేదీ, కారణం, ఏ కెర్నెల్ మీద పరీక్షించానో రాశాను. అదే సమాచారాన్ని ఒక కాగితం మీద రాసి టీచరుగారికి ఇచ్చాను. ఆవిడ దాన్ని పాఠాల హాజరు పుస్తకంలో పెట్టుకున్నారు. కొడుక్కి కూడా ఫోన్‌లో అంతా చదివి వినిపించాను.

అత్యవసరానికి ఒక చిన్న ఏర్పాటు మాత్రం మిగిల్చాను. డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కించే రెండు కమాండ్లను ఒక ఐకాన్‌గా చేసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. అంతకుముందు ఆగిపోయినప్పుడల్లా ఆవిడ మొత్తం యంత్రాన్ని రీస్టార్ట్ చేసేవారు, అవతల పిల్లలు ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఈ ఐకాన్‌తో కొద్ది సెకన్లలోనే కార్డు తిరిగి లేస్తుంది.

సంక్రాంతి వెళ్లాక ఒకసారి ఆ ఇంటికి వెళ్లి లాగ్‌లు చూశాను. నడుమ 6.8 వరుసలోనే కెర్నెల్ అప్‌డేట్లు రెండు వచ్చి ఎక్కాయి, వాటివల్ల టీచరుగారికి ఏ తేడా కనిపించలేదు. ‘జర్నల్‌సీటీఎల్’లో ఆ మూడు నెలల బూట్‌లన్నింటిలోనూ వెతికితే ఎల్‌పీఎస్ వైఫల్యం ఒక్కటీ లేదు. ఏఈఆర్ వరుసలు రెండు రోజుల్లో కొద్దిగా కనిపించాయి. వాటి సమయాలకు వైఫై తెగలేదు. వాటి పక్కన ఉన్న పీసీఐ చిరునామా సరిచూస్తే అవి వేరే పోర్టువి. డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ను ఎన్నిసార్లు నొక్కారని అడిగితే, ఒక్కసారి కూడా అవసరం పడలేదన్నారు. కాగితం హాజరు పుస్తకంలో అలాగే ఉంది. దాని కింద ఆవిడ పెన్సిలుతో తాను అప్‌డేట్ చేసిన రెండు తేదీలూ రాసి పెట్టుకున్నారు.